తిరగేసి పరిచిన మ్యాట్

నాకు అక్షరాలు యాభై ఏళ్ళు దాటాక వచ్చాయి. చిన్నప్పుడు బడికి పంపలేదని ఎవరినీ ఏమీ అనను. మా నాన్న ఏటికొప్పాక దగ్గర పొలం కౌలుకు చేసేవాడు. అమ్మా నాన్నా పొలంలో ఉంటే తమ్ముళ్ళను చూసుకోవడం నా పని. పెళ్ళయ్యాక నర్సీపట్నం వచ్చి, మా ఆయన పెట్టిన సీటు కవర్ల షాపులో కుట్టుమెషిన్ ముందు కూర్చున్నాను. ఆ పనికి అక్షరం అవసరం పడలేదు. కొలతకు దారం, దారానికి ముడి. ఏ బండి కొలతో మరిచిపోకుండా ఆ బండి రెక్సిన్ ముక్క దారం చివర కట్టేదాన్ని. షాపు గోడకు అలాంటి దారాలు గుత్తులుగా వేలాడేవి. రాసుకోవాలనిపించిన సంగతులు చాలా ఉండేవి గానీ అవి ముడుల్లో పట్టలేదు. అందులో ఒకటి ఇప్పుడు రాస్తున్నాను.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం. అప్పటికి మా ఆయన పోయాడు, షాపు నేనే నడుపుతున్నాను. చింతపల్లి వెళ్ళే రోడ్డు మీద, ఊరు పలచబడే చోట ఉండేది షాపు. ఏజెన్సీకి, అంటే ఘాటీ పైన కొండ ఊళ్ళకు ఎక్కే జీపులన్నీ మా ముందు నుంచే పోయేవి. పొద్దున ఏ రంగులో వెళ్ళినా సాయంత్రం ఎర్రమట్టి రంగులోనే దిగేవి. వాన పడుతున్నప్పుడు లోపల రబ్బరు వాసన బరువుగా కమ్ముకునేది. చూరు నీళ్ళ వెనక నుంచి చూస్తే రోడ్డు ఆగిపోయి, నా షాపే మెల్లగా కొండల వైపు కదిలిపోతున్నట్టు ఉండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం ప్రకాశం జీపు వచ్చి ఆగింది. నర్సీపట్నం నుంచి ఘాటీ పైకి మనుషులను ఎక్కించుకుని తిప్పే సర్వీసు జీపు అది. ముందు సీట్లో అతని భార్య రూతమ్మగారు ఉన్నారు. ఆవిడ ఘాటీ పైన ఒక సబ్ సెంటర్‌లో నర్సు. రోజూ భర్త జీపులోనే ఎక్కి, భర్త జీపులోనే దిగేవారు. ఆ రోజు ఎడమ కాలికి పాదమంతా కట్టు ఉంది.

"అప్పా, మంచి మ్యాట్ కావాల," అన్నాడు ప్రకాశం లోపలికి వస్తూనే. మా వైపు అక్కను అప్ప అంటారు. "ఆల్ వెదర్ అంటన్నారు కదా, ఎండకీ వానకీ పనికొచ్చీది. అంచులు పైకి లేసుంటాయే, అది."

"ట్రే మ్యాటా? ఇప్పుడంత షోకేటి నీకు?"

"షోకు కాదప్పా. నర్సమ్మ కాలు కోసం."

రూతమ్మగారికి సుగర్. పాదాలు తిమ్మిరెక్కి స్పర్శ పోయింది. వానలు మొదలైన కొద్దిరోజులకే మడమ దగ్గర పొక్కు లేచి పుండయింది. కట్టు కడుతున్నా మానడం లేదు. వాన నీళ్ళలో నాని కాళ్ళు ఒరిసి పుళ్ళు పడటం మా వైపు మామూలే కాబట్టి అదే అనుకున్నారు. డాక్టరు కూడా కాలు పొడిగా ఉంచమన్నాడట. పుండు ఎముక దాకా పోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందని చెప్పాడట.

"మరి వానలు తగ్గేదాకా ఇంటికాడ ఉండొచ్చు కదమ్మా?" అని జీపు దగ్గరకు వెళ్ళి అడిగాను.

ఆవిడ నవ్వారు. "పైన ఇంటింటా జ్వరాలే. నేనెళ్ళకపోతే రక్తం ఎవరు తీస్తారు, మాత్రలెవరిస్తారు? కాలొకటే కదా ఇంటికాడ ఉండమంటంది. మిగతా మనిషిని ఉండమనట్లేదు."

"సూసేవా? ఇలగే మాటాడతాది," అన్నాడు ప్రకాశం.

నేను వంగి ఫ్లోరు చూశాను. పాత జీపుల అడుగున గుండ్రటి బెజ్జాలుంటాయి. వాటిని డ్రెయిన్ అంటారు. లోపల చేరిన నీళ్ళు అందులోంచి రోడ్డు మీదికి పోతాయి. ఒక్కోదానికి రబ్బరు బిరడా ఉంటుంది. గెడ్డ దాటేటప్పుడు, అంటే కొండవాగులో దిగేటప్పుడు, కింది నీళ్ళు పైకి రాకుండా బిరడా బిగిస్తారు. దాటాక తీసేస్తారు. ప్రకాశం జీపులో పాత మ్యాటు లేదు. దాని కింద గోనెసంచులు నాని, డ్రెయిన్లు మూసుకుపోయి, తుప్పు పడుతోందని వానలు రాగానే రెండూ తీసి పారేశాడట. ఇప్పుడు వట్టి ఇనుమే.

"ట్రే మ్యాటు ఇవ్వను," అన్నాను. "అంచులున్నదానిలో నీళ్ళు నిలబడతాయి. డ్రెయిన్లున్న బండిలో అది ఏస్తే, బెజ్జాలున్నా లేనట్టే. ఆవిడ కాలు తొట్టిలో ఎట్టినట్టవుద్ది."

"మరేటి ఏద్దాం? కార్పెట్టా?"

"అది నీళ్ళు తాగుద్ది, ఆరదు."

"మరి పల్చటి మ్యాటు?"

"అది డ్రెయిన్‌కి అతుక్కుపోద్ది."

"అన్నీ కాదంటే ఎలగప్పా? అమ్మీది ఏటో సెప్పు!"

బండి నిలబడి ఉన్నప్పుడు నీళ్ళు ఒకచోట చేరతాయి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకోచోటికి పోతాయి. అవి ఎక్కడ నిలుస్తున్నాయో చూడకుండా కత్తెర పెట్టనని చెప్పాను. రేపు నేనూ వస్తానన్నాను.

"రా అప్పా. ఎన్నడూ షాపు ఒదిల్నేదానివి, గాలి మారుద్ది," అన్నాడు.

మర్నాడు ముందు సీట్లో వాళ్ళిద్దరి మధ్య, గేరు రాడ్డుకు అడ్డం రాకుండా కాళ్ళు మడిచి కూర్చున్నాను. ప్రకాశం జీపులో ఒక కట్టడి ఉండేది. ఎక్కేవాళ్ళంతా చెప్పులు తీసి వెనక రేకుపెట్టెలో వెయ్యాలి. ఆదివారం ఆ జీపే చర్చికి మనుషులను తీసుకెళ్ళేది, అందుకని మట్టి లోపలికి రానిచ్చేవాడు కాదు. అందరూ అలాగే వేశారు. రూతమ్మగారు కూడా తన మెత్తటి చెప్పులు తీసి ఇచ్చారు.

"మీరు కూడానా?" అన్నాను.

"డ్రైవరు పెళ్ళాన్ని నేనే ఏసుకుంటే మిగతావాళ్ళు ఊరుకుంటారేటి? అయినా కట్టుతో కాలు సరిగ్గా దూరదు దాన్లో," అన్నారు.

మైదానం దాటి ఘాటీ మొదలయ్యాక లోకం మారిపోయింది. పక్కన లోయ ఉందని తెలుసు గానీ కనిపించదు. మబ్బు రోడ్డు మీదికి వచ్చి కూర్చుంది. చెట్లు ఒక్కొక్కటే దగ్గరకొచ్చి, మమ్మల్ని చూసి, మళ్ళీ తెల్లదనంలోకి వెళ్ళిపోతున్నాయి. రెండో గేరులో ఇంజను ఒకే పాట పాడుతూ ఉంటే నాకు కళ్ళు మూతలు పడ్డాయి. తమ్ముణ్ణి చంకనేసుకుని మా నాన్న పొలం గట్టు మీద నడుస్తున్నట్టు, బోదె కాలవలో నీళ్ళు నా పక్కనే నడుస్తున్నట్టు అనిపించింది. టాపు కన్నాల్లోంచి చినుకు చెంప మీద పడితే మెలకువ వచ్చి, వచ్చిన పని గుర్తొచ్చి ఫ్లోరు చూశాను. నీళ్ళు చక్కగా వెనక్కి జారి డ్రెయిన్‌లోంచి పోతున్నాయి. ఆవిడ పాదం పెట్టిన చోట తడే లేదు. మరి పుండు ఎందుకు మానడం లేదు?

నీళ్ళు ఎక్కడ చేరుతున్నాయోనని వెనక్కి తిరిగాను. వెనక కూర్చున్న వాళ్ళలో ఒక్కరి కాలూ నేల మీద లేదు. ఒకరిది బుట్ట మీద, ఒకరిది పనసకాయ మీద, ఒకరిది ఎదుటివాళ్ళ సీటు అంచు మీద ఉంది. తీగ మీద వాలిన పిట్టల్లా ఉన్నారు.

"ఏటే చిలకమ్మా, అందరూ కాళ్ళు మీదకెట్టుకున్నారు?" అని అడిగాను. చిలకమ్మ పై ఊరి మనిషి, విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టలతో మా షాపు అరుగు మీద వానకు ఆగుతుండేది.

"ఎట్టుకోపోతే? బండి ఎక్కుడుకొచ్చిందంటే ఇనుము పెనమై కూకుంటాది కదమ్మా. మాటు తీసేసిన కాడ్నించీ ఇదే బాగోతం."

వంగి రూతమ్మగారి పాదం పక్కన అరచెయ్యి పెట్టాను. వెంటనే తీసేశాను. ఆ చోటుకు సరిగ్గా కిందనే ఇంజను వేడి పొగ పోయే సైలెన్సర్ గొట్టం ఉంది.

"ప్రకాశం, బండాపు."

ఆగింది. ఆవిడ తన పాదం వైపు చూసుకున్నారు. అది ఆ ఇనుము మీద ఎంత నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లలా ఉందో ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాకు తెలీలేదు," అన్నారు.

ప్రకాశం స్టీరింగు మీద తల ఆనించాడు. "మీరెవరైనా సెప్పొచ్చు కదర్రా!" అని వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

"మాకేటి తెల్సు బాబూ?" అంది చిలకమ్మ. "కాల్తాంటే నర్సమ్మగోరే తీసీసుకుంటారు కదా అనుకున్నాం."

ఆ మాటలో తప్పు లేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. చెప్పులు తియ్యాలన్న కట్టడి మ్యాటు ఉన్నప్పుడు పుట్టింది. మ్యాటు పోయింది, కట్టడి మిగిలిపోయింది. మిగతా కాళ్ళన్నీ ఎవరూ చెప్పకుండానే సర్దుకున్నాయి. చెప్పినా వినలేని కాలు ఒక్కటే అక్కడ ఉండిపోయింది.

చిలకమ్మ తన ఆకుల కట్ట ముందుకు అందించింది. దాని మీద కాలు పెట్టుకుని రూతమ్మగారు పైకి వెళ్ళారు.

సాయంత్రం దిగగానే షాపులో షీట్లన్నీ కిందికి దింపాను. ఇప్పుడు కావలసింది నీళ్ళను ఆపనిదే కాదు, వేడిని ఆపేది కూడా. మూల నిలబెట్టిన మందపాటి రబ్బరు షీటు ఒకటి ఉంది. ఒకవైపు నున్నగా, రెండోవైపు పొలం గట్లలా లేచిన గీతలతో ఉంటుంది. గీతలవైపు పైకి పరవడమే అందరికీ తెలిసిన పద్ధతి. కాలు జారదు, చూడటానికి బాగుంటుంది. కానీ ఆ గట్ల మధ్య నీళ్ళు నిలుస్తాయి, మెత్తబడిన మడమకు ఆ గట్లు ఒత్తుకుంటాయి. దాన్ని చూస్తుంటే పొద్దున జీపులో కలగన్న బోదె మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. తిరగేశాను.

గట్లు కిందికి పెడితే మ్యాటు ఇనుముకు అంటుకోదు. మధ్యన గాలి ఆడుతుంది, వేడి నేరుగా ఎక్కదు. నీళ్ళు బోదెల్లో పారినట్టు పారి డ్రెయిన్‌కి పోతాయి. గట్లు డ్రెయిన్ వైపు తిరిగేలా షీటు మళ్ళించి కోశాను. డ్రెయిన్ మీద రెండు వేళ్ళు దూరేంత గుండ్రంగా తీశాను. గెడ్డ దగ్గర మ్యాటు ఎత్తకుండానే బిరడా పెట్టుకోవాలి కదా. గమ్ము రాయలేదు. గమ్ము రాస్తే కింద తడి బందీ అయిపోతుంది. అంచులకు మేకుల బదులు సీటు కవర్లకు వేసే కొక్కేలు వేశాను.

ప్రకాశం చూసి తల గోక్కున్నాడు. "అప్పా, తిరగేసి ఏసీసేవు. స్టాండులో నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వినోల్లని చెప్పులు ఇప్పి ఎక్కమను."

రూతమ్మగారు అరుగు మీద కూర్చుని వింటున్నారు. "నీ జీపు సొక్కా తిరగేసి తొడుక్కుందనుకో," అన్నారు భర్తతో. చాలా రోజులకు ముగ్గురం నవ్వాం.

ఆ పుండు మానిందా అని ఇది విన్నవాళ్ళంతా అడుగుతారు. మానింది, చాలా మెల్లగా. చిన్నవేలు ఒకటి పోయింది. పాదం మిగిలింది. ఆవిడ రిటైరయ్యాక ఆ పాదంతోనే సాయంత్రాలు మా వీధికి నడిచొచ్చి, నాలాంటి ఆడవాళ్ళను చాప మీద కూర్చోబెట్టి పలక పట్టించారు. ఈ అక్షరాలు అలా వచ్చినవే.

పనిలో నాకు తెలిసింది ఇంతే. మ్యాటు అమ్మేవాళ్ళం బండి కొలత తీసుకుంటాం, వానను అడుగుతాం, మట్టిని అడుగుతాం. దాని మీద పెట్టే కాలు ఎలాంటిదో అడగం. అడిగినా కొన్ని కాళ్ళు చెప్పలేవు. వాటి తరఫున ఇంకో కాలు వెళ్ళి చూడాలి.

అందుకే మ్యాటు పరిచిన మర్నాడు పొద్దున్నే షాపు తియ్యకుండా స్టాండుకు వెళ్ళాను. రూతమ్మగారిని వెనక చిలకమ్మ పక్కన, కాలు ఆకుల కట్ట మీద పెట్టించి కూర్చోబెట్టి, ఆవిడ సీట్లో నేను కూర్చున్నాను. చెప్పులు పెట్టెలో వేసి, ఆవిడ మడమ ఉండే చోట నా మడమ ఆనించాను. ఘాటీ మొదలైంది. మళ్ళీ అదే మబ్బు, అదే రెండో గేరు పాట.

"ఎలగుందప్పా?" అని వెనక నుంచి ఆవిడ అడుగుతూనే ఉన్నారు.

"ఉండమ్మా, ఇంకా ఎక్కనీ."

ఎక్కుడు పెరిగింది. మ్యాటు కింద నీళ్ళు పారుతున్న సన్నటి చప్పుడు వినిపించింది. వెచ్చదనం వస్తుందేమోనని కళ్ళు మూసుకుని కాచుకున్నాను. వచ్చింది, వంట అయిపోయి చాలాసేపయ్యాక పొయ్యిగట్టుకు మిగిలే పాటి వెచ్చదనం. దాన్ని దాటి ముందుకు రాలేదు. అయినా పాదం తియ్యలేదు.

ఎక్కుడు అయిపోయిన చోట బండి ఆపించాను. దిగి, ఒక చేత్తో జీపు పట్టుకుని, పాదం తిరగేసి రూతమ్మగారికి చూపించాను. ఆవిడ వంగి, పేషెంటును చూసినట్టే చూశారు. మడమ మీద బొటనవేలితో నొక్కి, ఎరుపు ఉందేమో వెతికి, కాసేపు అలాగే పట్టుకున్నారు.

"ఏటీ నేదు," అన్నారు. "దిగిపోయేవు కదా, నా సీటు నాకిచ్చీ."

నేను వెనక్కి వెళ్ళి చిలకమ్మ పక్కన కూర్చున్నాను.