చర్చి బోరు నీళ్లు

అబిగయీలు నెల్లూరులో పర్యావరణ ఇంజనీరింగులో ఎంటెక్ చదువుతోంది. ప్రాజెక్టు కోసం అల్లూరు దగ్గరున్న సొంత ఊరి నీళ్లనే సీసాలకు పట్టి ల్యాబులో పరీక్షించింది. ఊరంతా తాగే చర్చి బోరులో ఉప్పు తాగడానికి పనికిరానంతగా పెరిగిపోయింది. పక్కనే రొయ్యల గుంటలు. వాటి ఉప్పునీళ్లు బోరు పక్కనున్న కాలవలోకి వదిలేది వాళ్ల నాన్న జకరయ్యే. అక్కడ ఆయనే కాపలా.

"ఈ సంగతి ఊళ్లో చెప్పబాకమ్మా," అన్నాడు జకరయ్య. "గుంటలు మూయిస్తే మనోళ్లందరికీ పని పోతాది. నీ చదువు కూడా వాటి మీదే కదా నడిచింది."

చెప్పకుండా ఉందామనే అనుకుంది. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక పక్కింటి ఫేబీ చంటిబిడ్డకు పట్టడానికి ఆ బోరు దగ్గరే గ్లాసు నింపుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది.

"అక్కా, బిడ్డకు ఆ నీళ్లు పట్టబాక!" అని అందరి ముందూ అరిచింది. ఎందుకని అడిగితే గుంటల సంగతీ దాచలేదు.

వారం తిరక్కముందే గుంటల యజమాని జకరయ్యను పనిలోంచి తీసేశాడు. సంఘ పెద్దలు బోరు మూయించారు. ఆడవాళ్లు బిందెలతో పక్క ఊరికి నడుస్తూ అబిగయీలును తిట్టుకున్నారు. నాన్న మాత్రం అన్నం ముందు ప్రార్థనలో ఇంట్లో వాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుస్తూ, ఆమె పేరు దగ్గర కాస్త ఆగి, పలక్కుండానే ఆమెన్ అన్నాడు.