పడవ తాత సీసా నీళ్లు

కొల్లేటికోట బడికి నన్ను రోజూ దాటించిన పడవ తాత, కట్టు విప్పేముందు దోసిలితో నీళ్లు తీసి పడవ అంచులన్నీ తడిపేవాడు. ఆలస్యమవుతోందని నేను విసుక్కుంటే, "ఎండితే చెక్క విచ్చుకుంటుందండీ మేష్టారూ" అనేవాడు.

ఒక ఏడాది పిల్లల విహారయాత్రకు తాతనూ విశాఖ వైపు తీసుకెళ్లాం. సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతికొండ మీద లైట్‌హౌసు, దాని పక్కన సిమెంటు దిమ్మె మీద ప్రదర్శనకు పెట్టిన పాతకాలపు చెక్క పడవ ఉన్నాయి. పిల్లలు సముద్రం చూస్తుంటే తాత ఆ పడవ పగుళ్లు తడిమాడు. తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లన్నీ దాని మీద పోసేశాడు.

కాపలాదారు కోప్పడ్డాడు. "ఇది చూట్టానికేనయ్యా, మళ్లీ నీళ్లలోకి దిగేది కాదు."

"ఆ సంగతి దానికి తెలీదు కదండీ" అన్నాడు తాత.