రైలు ఆగాలని పూలమొక్కలు నాటిన ఊరు

మా చిన్నప్పుడు... పొద్దున్నే పాసింజర్ కూత వినిపించినా మా నర్సమ్మ పెద్దమ్మ పరుగెత్తేది కాదు. గంప నెత్తిన పెట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, పొలం గట్టు మీద తీరిగ్గా నడిచేది. ఇంకా సగం దూరం ఉండగానే "ఆగు బిడ్డా, వస్తున్నా!" అని కేక వేసేది. రైలు నిజంగానే ఆగేది... ఆమె గంప ఎక్కేదాకా గార్డు జెండా చంకలో పెట్టుకుని నిలబడేవాడు.

పాలమూరు లైన్లో మాది చాలా చిన్న స్టేషన్. ఒక రేకుల గది, ఒక సిమెంటు బల్ల... అంతే. సిటీలో ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులవి. పెద్దమ్మ రోజూ ఆ అపార్ట్‌మెంట్ల కిందికి పోయి పుంటికూర, పాలకూర అమ్మేది. కాలం వస్తే సీతాఫలాలు. పెదనాన్న పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ గంప మీదే చదివిస్తుండేది. ఆ రైలు లేకపోతే ఆమెకు బతుకుదెరువు లేదు.

ఇదంతా మొన్న ఆదివారం గుర్తొచ్చింది. వారమంతా ఆదిభట్ల కంపెనీ బస్సులు ఎక్కి దిగే మేమంతా ఆదివారం ఇబ్రహీంపట్నంలో మా కాలనీ పార్కులో పార పట్టుకుంటాం. జీతం లేదు, భత్యం లేదు... చివర్లో చాయ్ మాత్రం ఉంటుంది. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సుబ్బారావు గారు గడ్డి పీకుతూ అన్నారు, "మా వైపు పాసింజర్లు ఒక్కొక్కటీ తీసేస్తున్నారండీ. ఉన్నవేమో ఆగట్లేదు."

ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన యాదగిరన్న పార పక్కన పెట్టి నవ్వాడు. "మీకు వచ్చి పోయింది సారూ. మాకు అసలు రైలే రాలే. పోతదన్న ఫికరే లేదు!"

అందరం నవ్వాం. అప్పుడు నేను మా ఊరి సంగతి చెప్పాను.

మా ఊళ్లో ఎవరూ టికెట్ కొనేవారు కాదు. అది తప్పని కూడా ఎవరికీ తోచేది కాదు. గార్డుకు ఒక పుంటికూర కట్ట, డ్రైవర్‌కు కాసిని సీతాఫలాలు... ఇచ్చుకోవలసింది ఇచ్చుకున్నామనే అనుకునేవారు.

ఒకరోజు స్టేషన్‌లో టికెట్లు అమ్మే వెంకటయ్య మామ ఉరుకుతూ వచ్చాడు. "మన కాడ రైలు ఆపుడు బంద్ జేస్తరట. దసరా అయినంక రైల్వే పెద్దసారు చూడనీకి వస్తుండట."

పెద్దమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం అందరూ కూర్చున్నారు. సర్పంచ్ తేల్చేశాడు, "స్టేషన్ గలీజుగున్నది. గందుకే గీ తిప్పలు. మెరిపిద్దాం పాండ్రి!" వెంకటయ్య మామ మధ్యలో ఏదో చెప్పబోయాడు గానీ... ఆ ఊపులో ఎవరు వింటారు!

అబ్బ, ఏం పని చేశారనుకున్నారు! తుమ్మకంపలు కొట్టేశారు. గోడలకు సున్నం వేశారు. పొలాల్లోని బంతి మొక్కలు వేర్లతో సహా తెచ్చి ప్లాట్‌ఫారం పొడుగునా నాటారు. పిల్లలం చెంబులతో నీళ్లు మోశాం. సారు వచ్చే రోజు పెద్దమ్మ తెల్లవారుజామునే లేచి ప్లాట్‌ఫారం మీద సానుపు చల్లి ముగ్గేసింది... పెళ్లివారు దిగుతున్నట్టే.

పెద్దసారు వచ్చాడు. తోట చూసి మురిసిపోయాడు. ఇంత శుభ్రమైన స్టేషన్ తాను చూడలేదన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. ఆఖర్న వెంకటయ్య మామ వైపు తిరిగి, రోజుకు ఎన్ని టికెట్లు పోతున్నాయని అడిగాడు. మామ తల దించుకున్నాడు.

"ఏం, ఇక్కడ ఎవరూ రైలు ఎక్కరా?"

"అయ్యో, ఎందుకెక్కం సారూ! దినాం ఎక్కుతం. ఊరు ఊరంత ఎక్కుతం," అంది పెద్దమ్మ గర్వంగా.

"మరి టికెట్?"

"మన రైలుకు మనమే టికెట్ కొంటమా సారూ?"

ఆయన కోప్పడలేదు. తిట్టి, జరిమానా వేసినా బాగుండేది. చిన్నగా నవ్వి, జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి నెల నుంచి రైలు ఆగలేదు. మొదటి రోజు పెద్దమ్మ ఎప్పటిలాగే నడిచి వెళ్లి "ఆగు బిడ్డా!" అంది. గార్డు ఆమెను చూసి చెయ్యి ఊపాడు... రైలు వెళ్లిపోయింది. బస్సులో గంప ఎక్కనిచ్చేవారు కాదు. కొన్నాళ్లు ఎలాగో తిరిగి, మానేసింది. ఆమె పెద్దకూతురి చదువు పదో తరగతితోనే ఆగింది. ఆ పైన పెద్దమ్మ సిటీకే వెళ్లిపోయి, ఒకప్పుడు కూరలు అమ్మిన అపార్ట్‌మెంట్లలోనే అంట్లు తోమింది. నాకు ఆ సారు మీద కోపం రాదు. మా ఊరి మీదే వస్తుంది.

చెప్పడం అయ్యాక యాదగిరన్న తల కొట్టుకున్నాడు. "తోట వెట్టే బదులు తలా ఒక టికెట్ కొంటే అయిపోతుండె గదనే!"

పిల్లలు మొక్కలు తొక్కేస్తారని మా పార్కు గేటుకు వారమంతా తాళం వేసి ఉంచుతాం. తాళంచెవి సుబ్బారావు గారి దగ్గరే ఉంటుంది. చాయ్ తాగాక ఆయన దాన్ని జేబులోంచి తీసి యాదగిరన్న చేతిలో పెట్టారు. "రోజూ సాయంత్రం తీసి ఉంచు యాదగిరీ. తొక్కితే తొక్కనీ."

ఈ వారం మొక్కలు బాగానే నలిగాయి. గోల కూడా మస్తుగా ఉంది.

ఇప్పుడు మా ఊరి మీదుగా పోయే రైళ్లు ఎక్కువయ్యాయి... ఆగేవే లేవు. మీ ఊళ్లో ఇంకా ఆగే పాసింజర్ ఏదైనా ఉందా? ఉంటే దాని ముచ్చట కింద రాయండి... కానీ ముందు ఒక టికెట్ కొని, ఎక్కి రండి.