నలభై ఒకటో పేజీ

తొంభైల చివర్లో నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. కింద బట్టల గోడౌను, పైన మేము. మా ఓనరు ఉయ్యూరు వైపు రైతు కుటుంబంలోంచి వచ్చినాయన. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది తక్కువ, మనుషుల చేత పని చేయించుకోవడం బాగా తెలుసు. నాకు ఇరవై నాలుగేళ్లు. నాకు తెలియదు అనే మాట నోట్లోంచి రాని వయసు.

ఆ ఏడు ఒక కోచింగ్ కాలేజీ మాకు పెద్ద పని అప్పగించింది. రెండు వేల మంది పైచిలుకు విద్యార్థుల రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, హాస్టల్ గది, పక్కనే ఫోటో. పేజీకి పన్నెండు మంది. ఆ ఫోటోలన్నీ స్కాన్ చేయడానికి ఓనరు ఒకాయన్ని పెట్టుకున్నారు. యాభై దాటిన ముస్లిం ఆయన. ముప్పయ్యేళ్లు ఫోటో స్టూడియోలో కూర్చుని నెగెటివుల మీద సన్నటి పెన్సిలుతో మొహాల మచ్చలు దిద్దిన మనిషి. కలర్ ల్యాబులు వచ్చి ఆ పనిని మింగేశాయి. అందరం ఆయన్ని భాయ్ అని పిలిచేవాళ్లం.

స్కానర్ సెట్టింగులు పెట్టింది నేను. ఫోటోలు అద్దంలా రావాలని, కాలేజీ వాళ్లు నన్ను మెచ్చుకోవాలని, అన్నీ ఎంత పైకి పోతే అంత పైకి పెట్టాను. రెండో రోజే భాయ్ నా కుర్చీ దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"సార్, ఒక మాట. అచ్చేసే రిపోర్టులో ఈ బొమ్మ ఎంత పడుద్ది?"

"స్టాంపంత."

"మరి మనం గోడకి తగిలించే సైజులో ఎక్కిస్తున్నాం సార్. ఇన్ని బొమ్మలు మోయాలంటే మిషను మోయగలుద్దా? తగ్గించమంటారా?"

"క్వాలిటీ సంగతి మీకు తెలీదు భాయ్. చెప్పినట్టు చేయండి చాలు."

ముప్పయ్యేళ్లు ఫోటోలతో బతికిన మనిషితో ఆ మాటన్నాను. ఆయన సరే సార్ అని వెళ్లి, నెల రోజులు నేను చెప్పినట్టే చేశారు.

ప్రింటు మొదలుపెట్టిన రోజు నలభై ఒకటో పేజీ దగ్గర మిషను ఆగిపోయింది. మెమరీ చాలడం లేదని తెర మీద ఒక పెట్టె వచ్చింది. ఆపేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అక్కడే. ప్రింటరు మార్చాం. మిగతా ప్రోగ్రాములన్నీ మూసేశాం. కొత్త మెమరీ చిప్పు వేయిస్తే అరవై ఎనిమిది దాకా పోయి కూలబడింది. నాలుగో రోజు కాలేజీ వైస్ ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి ఓనరు ఎదురుగా కూర్చున్నారు.

"ఏమయ్యా, తప్పు ఎక్కడుంది?" అని ఓనరు నన్ను అడిగారు. గొంతు మామూలుగానే ఉంది.

"స్కానింగ్‌లోనే ఏదో తేడా చేసినట్టున్నారండీ," అన్నాను.

భాయ్ అక్కడే, ఫోటోల కవరు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. నా వైపు చూశారు. నేనే ఇంకో మాట కలుపుతానని ఆగారు. నేను కీబోర్డు చూస్తూ కూర్చున్నాను. "నాకు చెప్పింది సారే" అని ఆయన ఒక్క మాటంటే అయిపోయేది. అనలేదు.

"రేపట్నుంచి రావద్దులే సాయిబూ," అన్నారు ఓనరు. భాయ్ ఆ కవరు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయారు.

నిందించడానికి ఇంకెవరూ మిగల్లేదు గనక మర్నాడు నిజంగా తప్పు వెతికాను. ముందు ఫోటోలు తీసేసి ప్రింటిచ్చాను. రిజిస్టరు మొత్తం గడగడా వచ్చేసింది. అంటే బరువంతా ఫోటోలదే. తర్వాత ఫోటోలు పెట్టి, ఒక్కో పేజీకీ మెమరీ ఎంత వాడుతోందో చూస్తూ కూర్చున్నాను. పేజీ పేజీకీ పెరుగుతోందే తప్ప ఒక్కసారీ తగ్గడం లేదు. నేను రాసిన ప్రోగ్రాము ప్రతి ఫోటోనూ లోపలికి తెచ్చుకుంటోంది, అచ్చయ్యాక వదిలిపెట్టడం లేదు. ఆ ఫోటోలేమో భాయ్ చెప్పినట్టు గోడకి తగిలించే సైజువి. రెండు తప్పులూ నావే.

అచ్చయిన ఫోటోను వదిలేయమని రెండు లైన్లు రాశాను. ఫోటోలన్నిటికీ చిన్న నకళ్లు తయారుచేసి, రిపోర్టుకి అవే ఇచ్చాను. ఒక్క మధ్యాహ్నం పని. ఆఖరి పేజీ వచ్చేసరికి వైస్ ప్రిన్సిపాల్ గారు నా భుజం తట్టారు. ఓనరు అందరికీ పునుగులు తెప్పించారు. నేనూ తిన్నాను.

రెండు వారాలు ఆగి ఓనరుకి చెప్పాను. చెప్పేస్తే మనసు తేలికపడుతుందనుకున్నాను.

"తప్పు భాయ్‌ది కాదండీ, నాది. ఆయన ముందే చెప్పారు. మళ్లీ పిలిపిద్దామండీ."

ఆయన పేపరు మడిచి నన్ను ఎగాదిగా చూశారు. "ఇప్పుడెందుకయ్యా ఆ గోల? పని అయిపోయిందిగా. స్కాన్ చేయడానికి ఇంకేమున్నాయి? ఆ మాట కాలేజీ వాళ్ల చెవిన పడనీయకు."

నేను పట్టుబట్టలేదు.

భాయ్ గవర్నరుపేటలో ఒక జిరాక్సు షాపులో నిలబడి పని చేస్తున్నారని తెలిసి వెళ్లాను. ఎండగా ఉంది, మిషను వేడికి ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"భాయ్, తప్పు నాదే. తర్వాత తెలిసింది."

"నాకు ముందే తెలుసు బాబూ." మిషను మూత తెరిచి కాయితం తిప్పి పెట్టారు. ఆఫీసులో సార్ అనేవారు.

"ఓనరు గారితో చెప్పాను."

"ఎప్పుడు?"

"మొన్న."

"ఆ రోజు చెబితే నాకు పనికొచ్చేది. మొన్న చెప్పింది మీకోసం చెప్పుకున్నారు." కోపంగా అనలేదు. టీ తాగుదాం రమ్మంటే తల అడ్డంగా ఊపారు. "మీరు ఏమైనా కాపీలు తీయించుకోవాలా? లేకపోతే జరగండి, వెనక జనం ఉన్నారు."

జరిగాను.

ఆరేళ్ల తర్వాత ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్లాను. మీరు పరిష్కరించిన కష్టమైన సమస్య ఒకటి చెప్పమన్నారు. మెమరీ చాలక ఆగిపోయిన ఫోటోల రిపోర్టు గురించి చెప్పాను. ఫోటోలు తీసేసి చూడటం, పేజీ పేజీకీ మెమరీ లెక్క చూడటం, చిన్న నకళ్లు చేయడం, అన్నీ వరసగా చెప్పాను. ఫోటోలు అంత పెద్దవిగా ఎవరు చేయించారని వాళ్లలో ఒకావిడ అడిగారు.

"స్కానింగ్ వాళ్లండీ," అన్నాను.

ఉద్యోగం వచ్చింది.