సాంబయ్య బాబాయి సెలూన్లో గోల్ఫ్ ఆట

పటికను నీళ్ళలో ముంచి, అప్పుడే గీసిన చెంప మీద రుద్దితే ఒక వాసన వస్తుంది. తడిసిన రాయి వాసన లాంటిది. జగ్గయ్యపేటలో నా షాపు తీసి పొద్దున్నే మొదటి గడ్డం చేసేటప్పుడు ఆ వాసన తగిలితే చాలు, నందిగామలో సాంబయ్య బాబాయి సెలూను కళ్ళ ముందుకు వస్తుంది. దానితోపాటు పచ్చటి గడ్డి మైదానం ఒకటి కనపడుతుంది. ఆ మైదానంలో నేనెప్పుడూ కాలు పెట్టలేదు. అది ఏ దేశంలో ఉందో కూడా సరిగ్గా చెప్పలేను. నేను చదివింది ఐదో తరగతి, ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. అయినా ఆయన్ని ఎరగనివాళ్ళకి ఆయన సంగతి చెప్పాలని ఉంది. ఎక్కడన్నా తడబడితే సర్దుకుని చదవండి.

సాంబయ్య బాబాయి నాకు చుట్టం కాదు, మా నాన్నకు స్నేహితుడు. పొట్టి మనిషి. ఎప్పుడూ తెల్ల బనీను, భుజం మీద తుండు. నందిగామ బస్టాండుకు దగ్గర్లో ఆయనది రెండు కుర్చీల షాపు. నాకు పెళ్ళయిన మరుసటి ఏడు, మా నాన్న నన్ను ఆయన దగ్గరికి పంపాడు. అప్పటికే క్రాఫు చెయ్యడం బాగానే వచ్చు. గడ్డం దగ్గరే నా బాధంతా. కత్తి పట్టుకుంటే చెయ్యి వణికేది. ఒక్కణ్ణే ఉంటే వణకదు. ఊదిన బుడగకు నురగ రాసి, అది పగలకుండా నురగంతా తీసేవాణ్ణి. మనిషి ముఖం ముందుకొచ్చి, అద్దంలోంచి నలుగురు నన్నే చూస్తుంటే మాత్రం వేళ్ళు నా మాట వినేవి కావు. కూర్చున్నవాళ్ళు భయపడి లేచిపోయేవాళ్ళు. మా మావగారు, "ఈ పని నీకు కుదర్దులే అల్లుడూ, సిమెంటు ఫ్యాక్టరీలో మూటలెత్తే పని మాట్లాడా, వచ్చెయ్" అని కబురు పంపాడు.

ఆ మాట సాంబయ్య బాబాయికి చెప్పాను. ఆయన కత్తి తుడుస్తూ విన్నాడు.

"నాకు కంట్లో శుక్లం వచ్చింది. ఎండలు తగ్గాక బెజవాడ పోయి ఆపరేషన్ చేయించుకోవాల. ఈలోపు నీ చెయ్యి నిలబడిందా, షాపు నీమీద పెట్టి పోతా. నిలబళ్ళేదా, ఇంకో మనిషిని చూసుకుంటా, నువ్వు మీ మావ చెప్పిన పనికి పోదువు. నాకేం కోపం లేదబ్బాయ్."

ఆయన మాటలు అలాగే ఉండేవి. గొంతు పెరగదు, ముఖం మారదు. కోప్పడితేనే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

అప్పటికి నందిగామలో కేబులు కొత్త. బాబాయి కూడా గోడకు చిన్న టీవీ పెట్టించాడు. మొదట్లో క్రికెట్ పెట్టేవాడు. ఒకరోజు మనవాడెవడో అవుటయ్యాడు, కుర్చీలో ఉన్నాయన "అయ్యో" అని ఎగిరాడు, బాబాయి చేతిలో కత్తి ఆయన చెవి తమ్మెకు తగిలింది. అంతటితో క్రికెట్ బంద్. సినిమా పెడితే కూనిరాగాలు తీస్తూ బుగ్గలు ఆడించేవాళ్ళు. వార్తలు పెడితే ఇక కుర్చీలో వాళ్ళకీ బల్ల మీద వాళ్ళకీ కొట్లాటే. అలా ఛానళ్ళు మారుస్తుంటే ఒకనాడు గోల్ఫ్ తగిలింది. పచ్చటి గడ్డి, తెల్ల బంతి, చేతిలో పొడుగాటి కర్రతో నిదానంగా నడిచే మనుషులు. కుర్చీలో మనిషి ఏమిటా అని చూస్తూ అలాగే ఉండిపోయాడు. గడ్డం కదల్లేదు, మెడ కదల్లేదు. బాబాయి ఆ రోజు నుంచి ఇక ఛానల్ మార్చలేదు.

షాపుకొచ్చే వాళ్ళు మొదట్లో ఆడిపోసుకున్నారు. అందరికన్నా ఎక్కువ ఎగతాళి చేసింది ప్లీడరు గుమాస్తా గారు. నందిగామ కోర్టులో ఆయన నోటికి జడ్జిగారు కూడా జడుస్తాడని చెప్పుకునేవాళ్ళు. దవడ కింద ఇంత పుట్టుమచ్చ. దాని చుట్టూ కత్తి తిప్పడం మహా కష్టం.

"ఇదేం ఆట సాంబయ్యా? ఎవడి బంతి వాడే కొట్టుకోటం, మళ్ళీ వాడే యెతుక్కోటం! మా ఊళ్ళో దూడ తప్పిపోతే ఇట్టానే తిరుగుతారు" అన్నాడు.

"తిరగనియ్యండి. మీరు మటుకు తిరగమాకండి, కత్తి ఉంది" అన్నాడు బాబాయి.

చూడగా చూడగా ఆట అర్థమైంది. బంతిని గుంటలో వెయ్యాలి, ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే వాళ్ళదే గెలుపు. నాలుగు రోజుల పోటీ, గురువారం మొదలైతే ఆదివారం తేలుతుంది. ఆటగాడు కొట్టబోయే ముందు పక్కనున్న మనుషులు చెయ్యి పైకెత్తుతారు. వందలాది జనం నోరు మూసుకుంటారు. బాబాయికి అది తెగ నచ్చింది. ఇంకొకటి నాకు చూపించాడు. "చూడరా శీనూ, బంతి పక్కన ఒకసారి ఉత్తినే గాల్లో ఊపుతన్నాడా? అంత చేతనైనోడు గూడా ముందు ఉత్తిదే కొడతన్నాడు. నువ్వేమో పెట్టటం పెట్టటమే చెంప మీద పెడతన్నావ్." అప్పటినుంచి బుడగ పక్కన గాల్లో ఒకసారి కత్తి దింపి, తర్వాతే బుడగకు పెట్టడం అలవాటు చేశాడు.

ఎండలు తగ్గాయి. బెజవాడ వెళ్ళే రోజు దగ్గర పడింది. మనిషి ముఖం మీద మాత్రం నా చెయ్యి ఇంకా నిలబడలేదు.

ఆ వారం సింగపూరు వైపు ఎక్కడో పెద్ద పోటీ జరుగుతోంది. ఆదివారం మధ్యాహ్నానికి షాపు కిటకిటలాడుతోంది. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన మీద మా షాపుకు ఎందుకో అభిమానం పుట్టింది. పేరు ఎవరికీ నోరు తిరగదు, అందుకని ఎర్ర టోపీ. ఆయనా, ఇంకో పొడుగాయనా సమానంగా ఉన్నారు. ఆఖరి గుంట. గుమాస్తా గారు కుర్చీలో తల వెనక్కి వాల్చి, కళ్ళు టీవీకి అప్పగించి కూర్చున్నాడు. బాబాయి నురగ రాశాడు, కత్తికి కొత్త బ్లేడు వేశాడు. వేసి, చప్పుడు చెయ్యకుండా నా చేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

నేను అద్దంలోకి చూశాను. ఒక్కరి కళ్ళూ నా మీద లేవు. గాల్లో ఒకసారి కత్తి దింపాను, తర్వాత చెంప మీద పెట్టాను. నురగతోపాటు వెంట్రుక వస్తున్న చప్పుడు నాకు వినపడింది. కుడి చెంప అయిపోయింది. అంతలో ఎర్ర టోపీ ఆయన బంతి గుంటకు బారెడు దూరంలో ఆగింది. అది వేస్తే గెలిచినట్టే. కొట్టాడు. బంతి గుంట అంచు మీదుగా జారి అవతలికి పోయింది. షాపంతా ఉసూరుమంది. నేను కత్తి ఎత్తి పట్టుకున్నాను. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, బంతి చుట్టూ తిరిగి, మళ్ళీ మొదటినుంచి నిలబడ్డాడు. గాల్లో ఊపాడు. వేశాడు. ఇద్దరూ మళ్ళీ సమానం, ఇంకో గుంట ఆడాలి.

అప్పుడు కరెంటు పోయింది.

టీవీ నల్లబడింది. ఫాను ఆగింది. షాపులో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. గుమాస్తా గారు అద్దంలో చూసుకుని, వెనక నన్ను చూశాడు.

"ఓరినీ! నువ్వా? సాంబయ్యా, ఇదేం పనయ్యా? నా పీక వీడి చేతికిచ్చావా?"

"ఒక పక్క అయిపోయింది గదండీ. తడుముకోండి, యాడన్నా తెగిందా?"

గుమాస్తా గారు తడుముకున్నాడు. "తెగలా" అన్నాడు కాస్త అయిష్టంగా. "సరే, రెండో పక్క నువ్వు కానియ్యి."

"నేను ముట్టనండీ. సగం గడ్డంతో ఇంటికి పోతానంటే మీ ఇష్టం, అమ్మగారికి మీరే చెప్పుకోవాల."

షాపంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పుట్టుమచ్చ రెండో పక్కే ఉంది. అన్ని కళ్ళూ నా వేళ్ళ మీదే ఉన్నాయి. వణుకు మణికట్టు దాకా వచ్చేసింది. బాబాయి వాకిట్లోకి వెళ్ళి అందరి వైపూ తిరిగి నిలబడ్డాడు. టీవీలో మనుషుల్లాగే అరచెయ్యి పైకెత్తాడు.

నవ్వు ఆగిపోయింది. బల్ల మీద పేపరు తిప్పేవాడు కూడా తిప్పడం మానేశాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఎర్ర టోపీ ఆయన నడిచినట్టే కుర్చీ చుట్టూ నడిచి ఇటు పక్కకు వచ్చాను. గాల్లో ఒకసారి ఉత్తినే దింపాను. చెయ్యి కొంచెం వణికింది. ఇంకోసారి దింపాను. ఈసారి వణకలేదు. అప్పుడు చెంప మీద పెట్టాను. పుట్టుమచ్చ చుట్టూ తిరిగి కత్తి మెడ కిందికి వచ్చి ఆగేదాకా బాబాయి ఎత్తిన చెయ్యి దించలేదు. పటిక రుద్దుతుంటే ఆ వాసన వచ్చింది.

గుమాస్తా గారు దవడ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ముందే చెప్తే కూర్చునేవాణ్ణి కాదు" అని మాత్రం అన్నాడు. మళ్ళీ ఆదివారం వచ్చి, అడక్కుండానే నా కుర్చీలో కూర్చున్నాడు.

కరెంటు వచ్చేసరికి టీవీలో వేరే ఆట వస్తోంది. మర్నాడు పేపర్లో గోల్ఫ్ ముక్క లేదు. ఎవరు గెలిచారో మాకు తెలియనే లేదు. బాబాయి బెజవాడ వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని వచ్చేదాకా షాపు నేనే చూశాను. మా మావగారు ఇక మూటల పని ఊసెత్తలేదు. కొన్నేళ్ళకు జగ్గయ్యపేటలో సొంతంగా కుర్చీ వేసుకున్నాను.

ఆయన మంచాన పడ్డాడని తెలిసి ఒకరోజు నా సామాను తీసుకుని నందిగామ వెళ్ళాను. బాగా చిక్కిపోయాడు, గడ్డం మాసిపోయింది. దిండు ఆనించి కూర్చోబెట్టి నురగ రాశాను. గదిలో మనవలు గోల చేస్తున్నారు, పిన్ని వాళ్ళను కసురుతోంది. నేను కత్తి తీశాను. బాబాయి దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి, మెల్లిగా పైకెత్తాడు. పిల్లలకు ఏమర్థమైందో, ఊరుకున్నారు. నేను గాల్లో ఒకసారి ఉత్తినే దింపితే ఆయన కళ్ళు నవ్వాయి.

అయిపోయాక అడిగాడు, "ఆ ఎర్ర టోపీ ఆయన గెలిచే ఉంటాడంటావా?"

"గెలిచే ఉంటాడు బాబాయ్."

నున్నగా అయిన చెంప తడుముకున్నాడు. "గెలవకపోతే ఏముందిలే. రెండోది వేశాడుగా."

నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు. ఇప్పుడు నా షాపులో టీవీ ఎవరూ చూడరు, అందరి తలలూ సెల్‌ఫోన్లలోకి వంగి ఉంటాయి. తల ఎత్తించడానికే సగం పొద్దు పోతుంది. నాకు మాత్రం ఈనాటికీ మొదటి గీత గాల్లోనే. "ఏంది శీనూ, దోమలు తోలుతన్నావా?" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నేను నవ్వి, రెండోది చెంప మీద పెడతాను.