షెమాన్ గ్రెనియేలో తాత వోటు

మా తాత అప్పయ్యకు రాయడం రాదని గతవారం మా ఊరికి వచ్చిన నమోదు అధికారి తేల్చేశాడు. మా ఊరు నువెల్ ఫ్రాన్స్‌లోని భజన గుడిలో పదేళ్ళుగా పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నది ఆయనే! మనవాళ్ళు చెరకు పనికి వలసొచ్చిన, ఇంగ్లీషువాళ్ళు ఏలే ఈ దీవిలో వాడే ఏ భాషలోనైనా తన వివరాలు రాసుకోగలిగితే వోటిస్తామని కొత్త చట్టం చెబుతోంది. తాత తెలుగులో రాశాడు, కాగితం కొట్టేశారు. అభ్యంతరాలు వినేది శనివారం ఒక్కరోజే, షెమాన్ గ్రెనియే బడిలో, పన్నెండింటి దాకానే. అది దాటితే ఈ ఎన్నికల్లో ఆయనకు వోటు లేదు. అందుకే బయల్దేరాం.

ఆరుంబావుకు బస్సెక్కాం, తలకు నలభై సెంట్లు. రివియేర్ దెజాంగీలో దిగి ఇంకో బస్సు కోసం ముప్పావుగంట వానలో నిలబడ్డాం. రెండో బస్సు డ్రైవరు తాత తెల్లపంచె చూసి నవ్వాడు. “ఎక్కడికి తాతా, పెళ్ళికా?”

“వోటుకి.”

“ఆయో! అయితే ఆ అవొకాని పట్టుకో. అక్కడే ఉంటాడు. వోట్లేస్తారని సెంటు పుచ్చుకోకుండా వాదిస్తాడు.”

ఆ లాయరు సంగతి నాకు తెలుసు. మాంటాన్ బ్లాంష్ దుకాణదారు కొడుకు. లండన్‌లో చదివొచ్చి ఆరేళ్ళు చక్కెర ఎస్టేట్ల తరఫున వాదించాడు. తర్వాత ఒక సమ్మెలో పట్టుబడ్డ కూలీల పక్షాన నిలబడితే ఎస్టేట్లు కేసులివ్వడం మానేశాయి. ఇప్పుడు శాసనసభకు పోటీ చేస్తున్నాడు. నేను చదివిన కరపత్రాలు ఇలాంటివాణ్ణి అవకాశవాది అంటాయి.

తొమ్మిదికి చేరాం. మా వంతు వచ్చేసరికి పదకొండున్నర. అధికారి తాత చేత మళ్ళీ రాయించాడు. పక్కనున్న దుబాసీ పై పంక్తి చదివాడు: “శ్రీరామ.” అధికారి పెదవి విరిచాడు. “ఇతని పేరు అప్పయ్య. సొంత పేరే రాయలేకపోయాడు.”

మనవాళ్ళు ఏది రాసినా ముందు శ్రీరామ అని రాస్తారని ఆయనకెవరు చెప్పాలి? నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇది సామ్రాజ్యవాదుల కుట్ర!” అని బల్ల గుద్దాను. పోలీసు నా రెక్క పట్టుకున్నాడు. ఇంకో మాట వస్తే ఇద్దర్నీ గెంటేస్తానన్నాడు అధికారి.

అంతలో లాయరు మా మధ్యకు వచ్చాడు. “నీ ఉపన్యాసం తర్వాత వింటాను. ముందు తాతగారికి వోటు రానీ” అని నాతో అని, తాత వైపు వంగాడు. “ఈసారి పై పంక్తి వదిలేసి రాయండి తాతా. రెండు నిమిషాల పని.”

“అది రాయందే చెయ్యి కదలదు బాబూ.”

“వోటు పోతుంది.”

“పోనీ.”

గడియారంలో పన్నెండుకు ఎనిమిది నిమిషాలు. లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత గోడకు అంటించిన నోటీసు దగ్గరకు నడిచి వేలితో చూపించాడు. “అయ్యా, దీని పైన రాజుగారి పేరుంది. ఇది రాసింది రాజుగారని ఎవరైనా అనుకుంటారా? రాసినవారి సంతకం అడుగున ఉంది. ఈ ముసలాయన కాగితంలోనూ అంతే. కింద చదివించండి.”

అధికారి దుబాసీకి కనుసైగ చేశాడు. “అప్పయ్య, చెరకు రైతు, నువెల్ ఫ్రాన్స్.” అధికారి కలం ముంచి జాబితాలో పేరెక్కించాడు.

బయటికొచ్చాక లాయరుతో అనేశాను: “పొద్దున బస్సులో మిమ్మల్ని అవకాశవాది అనుకున్నాను.”

“సగం నిజమే” అని నవ్వి, ఆయన తర్వాతి ముసలమ్మ కోసం లోపలికి పరిగెత్తాడు.

తిరుగు బస్సులో నా కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. చిటికెలో రాజీకి వంగిన మనిషి, తాత వంగనన్నాక అదే చిటికెలో నిటారుగా నిలబడ్డాడు. నాయకులను ఎలా తూచాలో నా కరపత్రాల్లో ఉంది. వాళ్ళను నిలబెట్టే ముసలివాళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు. ఆయనకే వోటేస్తావా అని తాతను అడిగాను. “నీకెందుకురా?” అని కిటికీ వైపు తిరిగాడు.

ఇదే పని మీద వెళ్ళేవారికి ఒక్క మాట: శ్రీరామ రాయడం మానకండి, కానీ కాగితం అందించేటప్పుడు మీ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి.