దీవి దాటాల్సిన బగ్గీ

మా ఆయన బగ్గీ అన్నప్పుడు నేను గుర్రబ్బగ్గీ అనుకున్నాను. బహ్రెయిన్‌లో గుర్రబ్బగ్గీ ఎక్కడిది, దానికి మీనా సల్మాన్ రేవు దగ్గరి గ్యారేజీలో మరమ్మతేమిటి అని అడిగితే అన్నం తింటున్న మనిషి పొలమారేదాకా నవ్వారు. మంచినీళ్లు తాగి, "శుక్రవారం చూపిస్తాలే" అన్నారు.

సెలవు రోజైన శుక్రవారం మా తెలుగువాళ్ల చర్చి ప్రార్థన ముగిశాక అటునుంచి అటే గ్యారేజీకి తీసుకెళ్లారు. షట్టరు ఎత్తగానే పసుపు రంగు తొట్టె ఒకటి కనబడింది. తలుపులు లేవు. పైకప్పు లేదు, సీట్ల చుట్టూ ఇనప గొట్టాలు మాత్రం ఉన్నాయి. ముందు చక్రాలు సన్నగా, వెనకవి రోడ్డు రోలరంత లావుగా ఉన్నాయి. ఇంజిను వెనకవైపు, లోపలి పేగులన్నీ కనబడేలా బయటికే ఉంది. పాత జర్మన్ కారు అడుగుభాగం మీద ఫైబరు తొట్టె బిగించి, ఇసక దిబ్బల మీద తిప్పడానికి ఎవరో ఇంగ్లీషాయన చేయించుకున్నదట. ఆయన దేశం వదిలి వెళ్తుంటే మా ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన గ్యారేజీ యజమాని, కొనుక్కున్నాడు.

"రేడియేటరేదీ?" అని అడిగాను. వేసవి వచ్చిందంటే మా ఇంట్లో రేడియేటర్ల మాటే కాబట్టి నాకు ఆ ఒక్క సామాను మాత్రం తెలుసు.

"దీనికి ఉండదు. గాలికే చల్లబడుద్ది."

"ఈ గాలికా?"

బయట గాలి కాలుతున్న పెనం మీంచి వచ్చినట్టు ఉంది. అప్పటికి మే నెల కూడా పూర్తి కాలేదు.

ఆ కఫీల్‌ని మేం ఇంట్లో పెద్దాయన అనుకునేవాళ్లం. అరవై దాటిన బహ్రెయినీ మనిషి. కుర్రతనం నుంచీ బళ్ల కిందే బతికాడు. సొంత గ్యారేజీ పెట్టుకున్నాక కూడా తోబు అనే తెల్లటి పొడుగు అంగీ చేతులు మడిచి ఇంజిన్లో చెయ్యి పెట్టేవాడు. సౌదీకి సముద్రం మీద వంతెన వేసి అప్పటికింకా ఏడాది కాలేదు. అంతకు ముందు ఈ దీవిలో ఎటు బయల్దేరినా కాసేపట్లో సముద్రం అడ్డొచ్చేది. జీవితమంతా బళ్లు బాగు చేసిన మనిషి, ఒక్కసారి కూడా రోడ్డు అయిపోకుండా బండి నడపలేదు. వంతెన తెరవగానే ఆయన స్నేహితులు ఏసీ కార్లేసుకుని సౌదీ అంతా తిరిగొచ్చారు. ఈయనకి మాత్రం తలుపుల్లేని బండిలో, మొహానికి గాలి కొడుతుంటే వెళ్లాలని కోరిక. రియాద్ మీదుగా ఎడారంతా దాటి, దక్షిణాన అబహా కొండల దాకా. అదీ జూలైలో, కొండల మీద చల్లగా ఉండే రోజుల్లో.

తోడు మెకానిక్‌గా మా ఆయన వెళ్లాలి. ఈ సంగతి ఆయన నాకు బగ్గీ చూపించిన తర్వాత, సనాబిస్‌లో మా గది మెట్లెక్కుతుంటే చెప్పారు. సౌదీ వీసా కూడా పెద్దాయనే తీయిస్తున్నాడట.

నేను ఆసుపత్రిలో నర్సుని. ప్రతి వేసవిలోనూ మా వార్డుకి ఎండ దెబ్బ తిన్నవాళ్లను మోసుకొచ్చేవాళ్లు. రోడ్డు పనివాళ్లు, ఓడల మీద రంగులేసేవాళ్లు. చెమట పట్టడం ఆగిపోయి, ఒళ్లు పొయ్యిలా కాలుతూ, ఏదేదో మాట్లాడుతూ ఉండేవాళ్లు. తడి దుప్పట్లు కప్పి ఫ్యాన్లు పెట్టేవాళ్లం. కొందరు లేచి నడిచి వెళ్లారు. అందరూ వెళ్లలేదు. అలాంటి ఎండలో, కప్పు లేని తొట్టెలో, వందల మైళ్ల ఎడారి దాటతామంటే నాకు ఆ తడి దుప్పట్లే గుర్తొచ్చాయి.

"కఫీల్ చెప్పాడు గదా, కాదంటే బాగోదు" అన్నారు మా ఆయన.

పని మొదలైంది. రోజూ మామూలు డ్యూటీ అయ్యాక పెద్దాయనా మా ఆయనా బగ్గీ ముందు కూర్చునేవాళ్లు. ఇంజిను మొత్తం కిందికి దించారు. లోపల ఇసక మేట వేసి ఉందట. సందు సందునా కిరోసిను బ్రష్షుతో కడిగారు. చక్రాల బేరింగులు విప్పి కొత్త గ్రీజు కూరారు. ఆయిలు చల్లబరచడానికి చిన్న కూలరు ఒకటి వేరే బండి నుంచి తెచ్చి గాలి తగిలేచోట బిగించారు. ఫ్యాను బెల్టులు, క్లచ్చి కేబులు, యాక్సిలరేటరు కేబులు, ప్లగ్గులు అన్నీ స్పేర్లు కొని ఒక రేకు పెట్టెలో సర్దారు. మా ఆయన ఇంటికొచ్చి ఇదంతా నాకు పూస గుచ్చినట్టు చెప్పేవారు. చెబుతున్నంతసేపూ ఆయన మొహం నేను చూస్తూనే ఉన్నాను. కఫీల్‌కి భయపడి వెళ్లేవాడి మొహం కాదది.

ఒకరోజు అడిగేశాను. "నిజం చెప్పండి, మీకూ వెళ్లాలనుంది కదూ?"

చేతులకి అంటిన గ్రీజు సబ్బుతో రుద్దుకుంటూ, "ఉంది" అన్నారు. "వచ్చినకాణ్ణించీ గ్యారేజీ, గది, ప్రార్థన. అంతే గదా. నేను బాగుచేసిన బండి ఎంత దూరం పోద్దో ఒక్కసారన్నా చూద్దామని ఉంది. నీకు కోపంగా ఉందా?"

కోపం రాలేదు. కాదనలేక వెళ్తున్నారనుకుంటూ కఫీల్‌ని తిట్టుకోవడం సులువుగా ఉండేది, ఇప్పుడు తిట్టుకోవడానికి ఎవరూ లేకుండా పోయారు. ఆపలేనప్పుడు నా చేతనైనంత చేయడం మంచిదనుకున్నాను. బండికి పైకప్పు నేను కుడతానన్నాను.

మా నాన్న రైసు మిల్లులో గుమాస్తా. మిల్లులో ఆడవాళ్లు దబ్బనంతో బస్తా మూతులు కుట్టడం చూస్తూ పెరిగాను. ఇక్కడ దబ్బనాలు పడవల తెరచాపలు కుట్టే దుకాణంలో దొరికాయి. దళసరి కాన్వాసు గుడ్డ, మైనం పట్టించిన దారం మా ఆయన తెచ్చారు. సెలవు రోజుల్లో గ్యారేజీ నేల మీద గుడ్డ పరిచి, బగ్గీ గొట్టాల కొలతకి కత్తిరించి, అంచులు రెండు మడతలు వేసి కుట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. గాలికి ఎగిరిపోకుండా చుట్టూ తోలు పట్టీలు పెట్టాను. పెద్దాయన వచ్చి నా కుట్టు పట్టుకుని బలంగా లాగి చూశాడు. తెగలేదు. "జేన్" అన్నాడు. బాగుందని అర్థం. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ అంత పొడుగే.

కప్పు బిగించిన వారం, దీవి మధ్యలో ఉన్న సఖీర్ ఎడారిలో నడిపి చూద్దామన్నారు. ఎండ బాగా ఉన్నప్పుడే చూడాలని పెద్దాయన పట్టు. ఆయన భార్య కూడా వచ్చింది. నేను ఆవిణ్ణి చూడడం అదే మొదలు. నల్లటి అబాయా వేసుకున్న భారీ మనిషి. కారెక్కి పక్కన కూర్చోగానే శుభ్రమైన హిందీలో, "భోంచేశావా బేటీ?" అని అడిగింది. వాళ్ల నాన్న ముత్యాల వర్తకుడట. చిన్నప్పుడు కొన్నేళ్లు బొంబాయిలో పెరిగిందట. నా హిందీకన్నా ఆవిడ హిందీయే నయం.

తారు రోడ్డు పక్కన, చమురు గొట్టాలు సాగిపోయేచోట మా ఆయన తోలుకొచ్చి ఆపిన వాళ్ల కారులో, ఏసీ వేసుకుని మేమిద్దరం కూర్చున్నాం. బగ్గీ పెద్ద చప్పుడు చేస్తూ ఇసకలోకి దిగింది. పెద్దాయన నడుపుతున్నాడు, పక్కన మా ఆయన. దుమ్ము లేపుకుంటూ ఇసక గట్టు వెనక్కి వెళ్లి, కనబడకుండా పోయింది. కాసేపు చప్పుడు వినబడింది. తర్వాత అదీ లేదు.

మొదట కబుర్లు చెప్పుకున్నాం. ఆవిడ బొంబాయిలో ట్రాము ఎక్కిన సంగతి చెప్పింది. తర్వాత మాటలు తగ్గాయి. ఆవిడ జపమాల తీసింది. నేను లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాను. చూసిరావడానికి కారు ఇసకలో దిగదు. చివరికి ఆవిడ తలుపు తీసి, ఎండలో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడడం మొదలుపెట్టింది. నేనూ దిగాను. చెప్పుల్లోంచి కూడా నేల కాలింది.

ఇక రోడ్డు మీద పోయే ఎవరినైనా ఆపుదామని అనుకుంటుండగా చప్పుడు వినబడింది. ఆగి ఆగి, దగ్గుతున్నట్టుగా. గట్టు చివరినుంచి బగ్గీ నెమ్మదిగా వచ్చింది. పెద్దాయన స్టీరింగు మీదికి వాలిపోయినట్టు కూర్చున్నాడు. మా ఆయన సీటులో లేరు. వెనక ఇంజిను పక్కన గొట్టాలకు వేళ్లాడుతూ, చేతికి తీగ ఒకటి చుట్టుకుని లాగుతున్నారు. యాక్సిలరేటరు కేబులు తెగిపోయిందట. స్పేరు ఉన్న రేకు పెట్టె ప్రయాణం రోజు తెద్దామని గ్యారేజీలోనే ఉంచారు. ఎక్కడో పడి ఉన్న కంచె తీగ వెతికి తెచ్చి, కార్బరేటరుకి కట్టి, దాన్ని లాగి వదులుతూ వచ్చారు.

నేను మా ఆయన్ని చూసి ఊపిరి పీల్చుకుని, పెద్దాయన వైపు చూశాను. మొహం ఎర్రగా కందిపోయింది. చెమట లేదు. భార్య పేరు పెట్టి పిలుస్తున్నాడు గానీ ఎదురుగా ఉన్న ఆవిణ్ణి చూడడం లేదు. అది వార్డులో రోజూ చూసేదే. ముగ్గురం కలిసి కారు వెనక సీట్లో పడుకోబెట్టాం. తలగుడ్డ తీసేసి, తోబు గుండీలు విప్పి, తాగడానికి తెచ్చిన నీళ్ల క్యాను ఆయన మీద కుమ్మరించాను. నా చున్నీ తడిపి మెడ కింద పెట్టాను. ఏసీ మొహం వైపు తిప్పాను. ఆవిడ అట్టముక్కతో ఆగకుండా విసురుతూనే ఉంది. "ఆసుపత్రికి పోనీండి" అన్నాను. మా ఆయన కారు తోలారు, బగ్గీ అక్కడే వదిలేసి.

దారిలోనే పెద్దాయనకి చెమట పట్టడం మొదలైంది. ఆ తడి నా వేళ్లకి తగిలినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇంకాస్త దూరం పోయాక కళ్లు తెరిచి, "బండి ఎక్కడ?" అని హిందీలో అడిగాడు. ఆవిడ అట్టముక్క పక్కన పెట్టి అరబ్బీలో చాలాసేపు మాట్లాడింది. ఒక్క మాట కూడా నాకు అర్థం కాలేదు. అంతా అర్థమైంది.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపేశారు. వెళ్లే రోజు మేం చూడబోతే ఆవిడ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి తన నిర్ణయం చెప్పింది. "ఈయన కోరిక నేను కాదనను. కానీ ఎడారిలో ఆ తొట్టె నడవదు, ఖలాస్. గ్యారేజీ లారీ మీద ఎక్కించండి. నీ భర్త లారీ తోలుతాడు. మేమిద్దరం కారులో వస్తాం. కొండలెక్కాక దించుకుని, ఎంత కావాలంటే అంత తిరగమనండి."

"నువ్వొస్తావా?" అన్నాడు పెద్దాయన.

"రాకపోతే నిన్నెవరు చూస్తారు?"

ఆయన ఎదురు చెబుతాడేమోనని చూశాను. మంచం మీద వెనక్కి వాలి, గోడ వైపు చూస్తూ, "యల్లా, అలాగే కానీ" అన్నాడు. మీసాల కింద నవ్వు దాచుకోలేకపోయాడు. మా ఆయన వరండాలోకి వచ్చాక గోడకి ఆనుకుని నిలబడిపోయారు. "ఆ రోజు తీగ లాగుతుంటే, ఆయన అటు పడిపోతాడేమో, నేనొక్కణ్ణీ ఏం చెయ్యాలా అని భయమేసింది. వెళ్దామని ఉందిగానీ ఆ ఎండలో నడపాలని మాత్రం లేదు. ఆ మాట నేనెట్లా చెప్పను?" అన్నారు. ఆవిడ చెప్పేసింది కాబట్టి ఆయన చెప్పాల్సిన పని తప్పింది.

జూలైలో బయల్దేరారు. లారీ మీద బగ్గీని తాళ్లతో కట్టి, కేబుళ్లున్న రేకు పెట్టె మా ఆయన తన సీటు పక్కనే పెట్టుకున్నారు. నేను డ్యూటీలో ఉండగా ఒక సాయంత్రం వార్డుకి ఫోను వచ్చింది. అబహా నుంచి. వెనకాల వాన చప్పుడు.

"ఇక్కడ చలేస్తోందే" అన్నారు మా ఆయన. "స్వెట్టరు కూడా తెచ్చుకోలేదు. పొద్దున్నుంచీ కొండ రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నారు."

"ఎవరు?"

"వాళ్లిద్దరే. నన్ను దించేశారు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని అటు తిప్పు, ఇటు తిప్పు అని చెప్తోంది. ఆయన ఎటు చెప్తే అటు తిప్పుతున్నాడు."

"బండి?"

"దానికేం, కొండెక్కేటప్పుడు కూడా వేడెక్కలేదు. ఇంజిను మోత వింటుంటే కడుపు నిండినట్టుంది."

ఆయన గొంతులో అంత సంతోషం నేను పెళ్లయిన తర్వాత వినలేదు. ఇంకేమైనా చెబుదామనుకుంటే లైను కట్టయింది. ఫోను పెట్టేసి, అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. నెలరోజులుగా భుజాలు బిగబట్టుకుని తిరుగుతున్నానని అవి దిగినప్పుడు గానీ తెలియలేదు. పక్కనున్న మలయాళీ నర్సు ఏమైందని అడిగింది. ఏమీ కాలేదని చెప్పాను. నిజంగానే ఏమీ కాలేదు. ఆమె నాకు టీ తెచ్చిపెట్టింది, తాగి మందులిచ్చే బండి తోసుకుంటూ వార్డులోకి వెళ్లాను.